లైలాను కుర్చీలో కూర్చోబెట్టిన వైనం

సంగీతప్రియులందరికీ తెలియజేసుకునేది ఏమనగా, ఎరిక్ క్లాప్టన్ అనే ఇంగ్లండు గిటారిస్టు వల్ల మా ఇంట్లో నాకు తీరని అన్యాయం జరిగింది. పూర్వాపరాలు మనవి చేసుకుంటాను.

1965లో ఈయన యార్డ్‌బర్డ్స్ బృందంలో ఉండేవాడు. వాళ్లు 'ఫర్ యువర్ లవ్' అనే పాట చేశారు. అది మరీ బజారు సరుకులా ఉందని, బ్లూస్ తప్ప ఇంకోటి ముట్టనని మనవాడు బయటికి నడిచాడు. పాట హిట్టవుతుంటే పెట్టె సర్దుకున్న మనిషండీ! ఎంత నిష్ఠ! తర్వాత బ్లూస్ వాయించే జాన్ మేయల్ పక్కన చేరి వాయిస్తుంటే లండన్ గోడ మీద ఎవరో 'క్లాప్టన్ దేవుడు' అని రాశారు. రాయరూ మరి?

ఇరవై ఏళ్లు తిరిగాయి. 'బిహైండ్ ద సన్' రికార్డు చేసి ఇస్తే, ఇందులో హిట్లు లేవు పొమ్మంది కంపెనీ. దేవుడు అలగలేదు. వాళ్లు పంపిన పాటలు కిమ్మనకుండా పాడిచ్చాడు. 1986లో 'ఆగస్ట్' అనే ఆల్బం వచ్చింది. నిర్మాత ఫిల్ కాలిన్స్. డ్రమ్ములూ సింథసైజర్లూ ముందు వరసలో, గిటారు వెనక బెంచీలో. ఆ మరుసటేడు 'ఆఫ్టర్ మిడ్‌నైట్' పాటను బీరు ప్రకటనకు మళ్లీ పాడాడు. తాగుడు మానడానికి 1982లో ఆస్పత్రిలో చేరి వచ్చిన మనిషి!

ఇదంతా సహించాను. సహించలేనిది 1992 నాటి 'అన్‌ప్లగ్డ్' ఆల్బం. అందులో 'టియర్స్ ఇన్ హెవెన్' జోలికి పోను, అది కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఏడుపు. నా గొడవల్లా 'లైలా' పాట గురించే. మన అక్కినేని, భానుమతి 1949లో ఊరందరినీ ఏడిపించిన లైలా పేరే అది. స్నేహితుడు జార్జ్ హారిసన్ భార్య మీద మనసుపడి, 1970లో ఆ పేరు పెట్టి గుండెలు బాదుకున్నాడు క్లాప్టన్. పక్కన డ్వేన్ ఆల్‌మన్ స్లైడ్ గిటారు కేక. ఏడు నిమిషాలు. అది మొదలెట్టగానే మా ఆవిడ గది తలుపు దభాలున వేసేది. ఆ తలుపుకి ఇవతల నాకు సంపూర్ణ స్వరాజ్యం. కూరగాయల సంచీ ఇవ్వడానికి కూడా ఎవరూ వచ్చేవారు కాదు.

అదే లైలాను 'అన్‌ప్లగ్డ్'లో కుర్చీలో కూర్చుని, భోజనం చేసి వక్కపొడి నములుతున్నవాడిలా పాడాడు. దానికి గ్రామీ వాళ్లు ఉత్తమ రాక్ పాట బహుమతి ఇచ్చారు. పోటీలో నిర్వాణా బృందం ఉన్నా సరే!

ఇప్పుడు తలుపు బార్లా తెరిచే ఉంటోంది. "ఏవండీ, ఆ మెల్లగా పాడేది పెట్టండి" అంటూ మా ఆవిడ చిక్కుడుకాయల పళ్లెంతో సహా వచ్చి కూర్చుంటుంది. "ఈ అబ్బాయి బుద్ధిమంతుడిలా ఉన్నాడు అల్లుడుగారూ, గొంతు చించుకోడు" అని మా అత్తగారి కితాబు. ఈనెలు తీసే పని నాది.

పైగా మేనల్లుడి రిసెప్షన్‌కి 'వండర్‌ఫుల్ టునైట్' పెట్టించాలట. ఆ డీజేతో మాట్లాడే బాధ్యత, ఇంట్లో ఇంగ్లీషు పాటలు తెలిసినవాణ్ణి కనక, నా నెత్తినే పడింది.