వెనకబడినవాడికి టీ లేదు

శనివారం సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో పోస్టరు దిగుతుంది. వెనక పొద్దుపొడుపు, ముందు వంపు హ్యాండిల్ సైకిలు, కింద పెద్దక్షరాలు: ‘కొత్తవారికి స్వాగతం. ఏ సైకిలైనా ఫర్వాలేదు. ఎవరినీ వదిలిపెట్టం.’ గుంటూరైనా ఒంగోలైనా హైదరాబాదైనా పోస్టరు ఇదే. మొదటి మాట మర్యాద, రెండోది మొహమాటం. మూడోదాన్ని మాత్రం ఎన్నికల హామీల ఖాతాలో రాసుకోవాలి.

షుగరుందని డాక్టరు నడవమంటే, నడక విసుగనిపించి అటక మీది హెర్క్యులిస్ సైకిలు దించిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఈ పోస్టరు నమ్మాడనుకుందాం. ఆదివారం తెల్లవారకముందే గుంటూరు స్టేడియం గేటు దగ్గరికి చేరతాడు. ఆయన పేరు ఎవరూ అడగరు. చూపులన్నీ చక్రాల మీదే. ‘సింగిల్ స్పీడా సార్?’ అంటారు, పరామర్శకు వచ్చినవాళ్ల గొంతుతో. క్యారియరు, స్టాండు, బెల్లు పీకించెయ్యమనీ, దండగ బరువనీ ఉచిత సలహా. పది కిలోల బొజ్జ మోస్తున్నవాడికి బెల్లు బరువెంతో చెప్పడం ఈ క్రీడలోనే సాధ్యం. పోటీ సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం. పోటీలో లేనివాళ్లకే ఆ అంకె మీద అంత మోజు ఎందుకో తెలీదు. గేర్లు మార్చే డిరైలర్‌ను టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా రానివ్వలేదు. అంతకుముందు ఆల్ప్స్ కొండలెక్కినవాళ్లు మన గేటు దగ్గరికొస్తే ‘ముందు మంచి సైకిలు కొనుక్కోండి సార్’ అనిపించుకుని వెనక్కి పోవాల్సిందే.

ఫొటో అయ్యేదాకా అందరూ కలిసే ఉంటారు. ఏటుకూరు దాటి ప్రత్తిపాడు దారి పట్టాక అసలు కథ మొదలు. ముందున్న పదిమంది ఒకరి వెనక ఒకరు దూరి గాలి కోసుకుంటూ వెళ్లిపోతారు. ముందువాడి చాటున తొక్కితే మూడో వంతు దాకా శ్రమ మిగులుతుంది. గుంపుగా పోవడంలో ఉన్న నిజమైన లాభం అదొక్కటే, అదేమో అక్కర్లేనివాళ్లకు దక్కుతుంది. అక్కర ఉన్నవాడు ఎదురుగాలితో ఒంటరిగా పెనుగులాడుతుంటాడు. ఒక పక్క కళ్లంలో తేజా మిరపకాయ ఎండుతుంటుంది, రొప్పుతూ నోరు తెరిస్తే ఘాటు గొంతులోకి దిగుతుంది. ఇంకో పక్క మిర్చి టిక్కీలు వెలికి వచ్చేలా నింపుకున్న లారీ మార్కెట్ యార్డుకు తొందరపడుతుంటుంది. వెనకబడినవాళ్లను కనిపెట్టుకుని రావాల్సిన మనిషి ఒకరుంటారు, ఆయన్ను స్వీప్ అంటారు. బ్యాంకాయన ఆయాసం చూసి స్వీప్ ‘మీ పేస్‌లో రండి సార్’ అని ధైర్యం చెప్పి, స్ట్రావా యాప్‌లో తన సగటు వేగం పడిపోతోందని ముందుకెళ్లిపోతాడు.

ఇప్పుడు టీ కొట్టు లెక్క చూడాలి. ఇరవై కిలోమీటర్ల దూరం. ముందు జట్టు గంటకు 28 చొప్పున వెళ్తే 43 నిమిషాల్లో చేరుతుంది. 18 చొప్పున వచ్చేవాడికి 67 నిమిషాలు. తేడా 24 నిమిషాలు. ఆ వ్యవధిలో రెండు టీలు తాగొచ్చు, వేడి బజ్జీలు తినొచ్చు, కాళ్లు చాపుకుని ప్యారిస్ దాకా కబుర్లు చెప్పుకోవచ్చు. ఆఖరివాడు వగరుస్తూ రాగానే చప్పట్లు మోగుతాయి. ‘వచ్చేశారా సార్, సూపర్! ఇక పదండి, ఎండెక్కుతోంది.’ అందరికంటే అలసినవాడికి విశ్రాంతి సున్నా, అసలు అలవనివాళ్లకు అరగంట. విందుకు పిలిచి, విస్తరి ముందు కూర్చోగానే చెయ్యి కడుక్కోమన్నట్టు. టీ డబ్బులు మాత్రం తలా ఇంత పంచుతారు, అందులో ఎవరినీ వదిలిపెట్టరు.

ఈ సైకిళ్లనూ పసుపు జెర్సీలనూ చూస్తున్న కొట్టు దగ్గరి పెద్దాయనకు అనుమానం వేరు. ‘ఏం బాబూ, ఏ పార్టీ ర్యాలీ? ఎలక్షన్లు దగ్గర్లో లేవే!’ పాపం ఆయన తప్పేం లేదు. 1982లో ఎన్టీఆర్ పెట్టిన పార్టీ రంగు పసుపు, గుర్తు సైకిలు. టూర్‌లో ముందున్నవాడికి పసుపు జెర్సీ ఇవ్వడం 1919లో మొదలైందనీ, ఆ పోటీ పెట్టిన పత్రిక పసుపు కాగితం మీద అచ్చవుతుండేదనీ చెప్తే ఈ జిల్లాలో నమ్మేవాడెవడు?

పోటీకి పుట్టినవాళ్లు నెమ్మదిగా తొక్కలేరు కదా అని క్లబ్బు పెద్దలు వాదిస్తారు. అక్కడే తమాషా. టూర్ డి ఫ్రాన్స్‌ను 1903లో మొదలెట్టిన ఆన్రి దెగ్రాంజ్, మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో ‘ఆడాక్స్’ అనే సామూహిక ప్రయాణాలు కూడా మొదలెట్టాడు. అందులో ముందుండేది కెప్టెన్. ఇప్పటి నియమం ప్రకారం వేగం గంటకు ఇరవై రెండున్నర కిలోమీటర్లు. కెప్టెన్‌ను దాటడానికి ఎవరికీ వీల్లేదు, ఎన్ని కండలున్నా సరే. ప్రపంచంలో అతి క్రూరమైన పోటీ పెట్టిన మనిషికే పోటీకీ, కలిసి తొక్కడానికీ తేడా తెలిసింది. మనవాళ్లు ఆడాక్స్ పేరు, పతకాలు, 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటల గడువు తెచ్చుకున్నారు గానీ, కెప్టెన్‌ను మాత్రం ప్యారిస్‌లోనే మరిచి వచ్చారు.

అసలు ఆ నియమం కోసం ప్యారిస్ దాకా పోనక్కర్లేదు. 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. పత్తి చేల మధ్య రోడ్ల మీద ఆ పిల్లలు ముగ్గురూ నలుగురూ పక్కపక్కన, రోడ్డంతా తమదే అన్నట్టు, కబుర్లాడుకుంటూ పోయేవాళ్లు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొట్టినా ఒక పట్టాన జరిగేవాళ్లు కాదు. ఒకమ్మాయి చైను జారితే అందరి కాళ్లూ నేలకానేవి. ఒకతె వెనక చక్రం ఎత్తిపట్టుకుంటే, ఇంకొకతె పుల్లతో చైను పళ్ల మీదికి ఎక్కించి, వేళ్లకంటిన గ్రీజు పక్కదాని చున్నీకి తుడిచేది. స్వీపూ లేదు, స్ట్రావా లేదు. ఏళ్ల తరబడి పుస్తకాల సంచితో రోజూ తొక్కిన ఆ అమ్మాయి ఇవాళ క్లబ్బుకు వస్తే, ఫారంలో ‘బిగినర్’ అని టిక్కు పెట్టించుకుంటారు.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి: తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం వేలాదిమంది పల్లె ఆడవాళ్లకు సైకిలు నేర్పింది. లేడీస్ సైకిళ్లు చాలకపోతే మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ముందు కమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయి కూడా. మన పోస్టర్ల మీదా ‘లేడీస్ వెల్కమ్’ ఉంటుంది. టైము మాత్రం తెల్లవారుజామున నాలుగు ముప్పావు. పాలు కాచి, పిల్లలకు టిఫిను పెట్టాకే గడప దాటగలిగే మనిషికి ఆ స్వాగతం ఎవరు రాశారో ఇట్టే అర్థమవుతుంది.

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ లేదు. హెర్క్యులిస్ మనిషిని ముందుంచాలి, ఆయన్ను దాటకూడదు, ఆయన టీ గ్లాసు ఖాళీ అయ్యాకే సైకిళ్లు కదలాలి. ఈ రూలు పెట్టిన మరుసటి ఆదివారమే క్లబ్బు చీలుతుందని భయపడేవాళ్లున్నారు. చీలనివ్వండి. దెగ్రాంజ్‌తో తగవొచ్చి ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్బూ అలాగే విడిపోయింది, ఎవరి వేగం వాళ్లదనే ప్రయాణాలు 1921లో మొదలెట్టుకుంది. కెప్టెన్ వెనక వెళ్లేవాళ్ల సంఘం వేరే ఉంది. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. సైకిలు ఎవరిదన్న పంచాయితీ మనకు మాత్రం కొత్తా, 1995లో ఎన్టీఆర్ పార్టీ చీలినప్పుడు చూడలేదూ?