స్పెషలిస్టు బాబాయి

ప్రతి వీధికీ ఒక స్పెషలిస్టు బాబాయి ఉంటాడు. ఆయనేమీ స్పెషలిస్టు కాడు. స్పెషలిస్టుని తప్ప ఇంకొకర్ని నమ్మడు, అంతే. విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్న బాబాయి కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తుమ్మొస్తే ఈఎన్‌టీ దగ్గరికి, దగ్గొస్తే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్తాడు. రెండూ కలిసొస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేలదు. ఆ ఆలోచనలో ఉండగానే పిన్ని పెట్టిన మిరియాల కషాయానికి రెండూ తగ్గిపోతాయి.

ఇంటి పనులకీ అదే పద్ధతి. ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చిన కుర్రాణ్ణి గుమ్మంలోనే ఆపి, "నువ్వు సీలింగు ఫ్యానుల వాడివా, టేబులు ఫ్యానుల వాడివా?" అని అడుగుతాడు. సత్యనారాయణ వ్రతం చేయించే శాస్త్రిగారిని గృహప్రవేశానికి పిలవడు. పెసరట్టు బాగుంటుందని పేరున్న హోటల్లో పొరపాటున కూడా ఇడ్లీ తినడు. డాక్టరు బోర్డు కనిపిస్తే పేరు చదవడు, పేరు వెనకాల అక్షరాలు లెక్కపెడతాడు. ఎంబీబీఎస్, బీడీఎస్ ఆయన దృష్టిలో డిగ్రీలు కావు, మధ్యలో చదువు మానేసిన గుర్తులు.

పిన్నిది దీనికి పూర్తిగా ఎదురు సిద్ధాంతం. డాక్టరంటే నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి, చెప్పేది పూర్తిగా వినాలి, అక్కర్లేని మందు రాయకూడదు. ఈ మూడూ ఉంటే పేరు వెనకాల ఏమున్నా ఆవిడకి అభ్యంతరం లేదు.

ఈ రెండు సిద్ధాంతాలూ ఢీకొన్నది బాబాయి కింది దవడ మీద. కుడివైపు పెద్ద దంతం. మొదట మజ్జిగ తాగితే జివ్వుమంది. తర్వాత కాఫీ తగిలితే చాలు, అరగంటసేపు సలిపేది. ఆఖరికి రాత్రి పడుకోగానే పోట్లు మొదలయ్యాయి. బాబాయి వంటింట్లో లవంగాల డబ్బా ఖాళీ చేశాడు. లవంగంలోని యూజినాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది గానీ పుచ్చుని పూడ్చదు. రెండు రాత్రులు ఆయన పచార్లు విన్నాక, మూడోరోజు పొద్దున్నే పిన్ని వీధి చివర డెంటల్ క్లినిక్కి లాక్కెళ్ళింది.

అక్కడున్నది చిన్న వయసు డాక్టరమ్మ. పన్ను మీద అద్దం కాడతో మెల్లిగా తట్టింది. బాబాయి కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు. ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది.

"పుచ్చు నరం దాకా పోయిందంకుల్. రూట్ కెనాల్ చెయ్యాలి. అయితే ఈ పన్నుకి..."

ఆ 'అయితే' తర్వాతది బాబాయి చెవిన పడలేదు. ఆయన కళ్ళు అప్పటికే గోడమీది సర్టిఫికెట్ మీద ఉన్నాయి.

"అమ్మా, నువ్వు ఎండీఎస్ చెయ్యలేదా?"

"లేదంకుల్, బీడీఎస్."

బాబాయి నోరు పుక్కిలించి, కండువా దులుపుకుని లేచాడు. "వేరుకి సంబంధించిన పని కదమ్మా, వేర్ల డాక్టరే చెయ్యాలి" అంటూ మెట్లు దిగేశాడు. పిన్ని సంజాయిషీ చెప్పి, ఎక్స్‌రే ఫోన్లోకి పంపించమని అడిగి వెనకాలే వచ్చింది.

రూట్ కెనాల్ బీడీఎస్ చదువులోనే ఉంటుంది. ఆ 5 ఏళ్ళు చదివినవాళ్ళు చెయ్యొచ్చు, రోజూ చేస్తూనే ఉన్నారు. ముందు పళ్ళకి సాధారణంగా ఒకటే వేరు, అందులో ఒకటే కాలువ. అలాంటి పన్నుకి ఊరు దాటక్కర్లేదు. దవడ పళ్ళ వ్యవహారం వేరు. కింది పెద్ద దంతానికి రెండు వేర్లు, మూడు నాలుగు కాలువలు. పై దంతానికి మూడు వేర్లుంటే, చాలాసార్లు నాలుగో కాలువ ఒకటి మూలన నక్కి ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి మైక్రోస్కోపు ఎంతో సాయం. వేరు బాగా వంకర తిరిగినా, కాలువ పూడుకుపోయినా, వెనకటి రూట్ కెనాల్ చెడి మళ్ళీ చెయ్యాల్సొచ్చినా, ఇంకో 3 ఏళ్ళు ఇదే పనిగా చదివిన ఎండోడాంటిస్ట్ దగ్గరికి వెళ్ళడం తెలివైన పని. కాబట్టి ముందు అడగాల్సింది డాక్టరు డిగ్రీ కాదు, పన్ను సంగతి. ఏది తను చెయ్యాలో, ఏది పెద్ద చేతికి పంపాలో మంచి డెంటిస్టుకి తెలుసు. తెలుసు కాబట్టే ఆ అమ్మాయి 'అయితే' అంది.

బాబాయి సూర్యారావుపేట మీద పడ్డాడు. ఎండీఎస్ అన్న అక్షరాలుంటే చాలనుకున్నాడు. అందులో తొమ్మిది శాఖలున్నాయని ఆయనకెవరూ చెప్పలేదు. మొదటి క్లినిక్‌లో కాలేజీ అమ్మాయిల మధ్య గంటసేపు కూర్చున్నాడు. లోపలికెళ్ళాక తెలిసింది, అక్కడున్నది ఎత్తుపళ్ళకి క్లిప్పులు పెట్టే డాక్టరని. "మీ పళ్ళ వరస చాలా బాగుందండీ" అని మెచ్చుకుని పంపించాడు. రెండో ఆయన చిగుళ్ళ స్పెషలిస్టు. పన్ను మాట తర్వాత, ముందు చిగుళ్ళ చుట్టూ గార తీయాలన్నాడు. తీయించుకుని, తళతళలాడే పళ్ళతో, అదే నొప్పితో బయటికొచ్చాడు. మూడో చోట గోడల నిండా ఏనుగులూ కుందేళ్ళూ ఉన్నాయి. రిసెప్షన్ అమ్మాయి పుస్తకం తీసి, "బాబు పేరేంటండీ?" అంది. బాబాయి తన పేరు చెప్పాడు. "వయసు?" అంది. అరవై నాలుగన్నాడు. ఆ అమ్మాయి కలం మూసేసింది.

నాలుగో బోర్డు వెతికేలోగా ఒక విశేషం జరిగింది. ఒక రోజు తెల్లారి లేచేసరికి నొప్పి లేదు! చన్నీళ్ళు పుక్కిలించి చూశాడు, లేదు. వేడి కాఫీ తాగాడు, లేదు. గుమ్మంలో నిలబడి వీధికంతా ప్రకటించాడు: "చూశారా! ఆ అమ్మాయి మాట విని ఉంటే ఈపాటికి వేరంతా తవ్వేసేది." ఆ రోజు సాయంత్రం కుడివైపే చెగోడీలు నమిలాడు.

అసలు జరిగిందేమిటంటే, పన్నులోపలి నరం చచ్చిపోయింది. చచ్చిన నరం అరవదు. అది అరవడం మానేశాక సూక్ష్మజీవులు నింపాదిగా వేరు చివర్నుంచి ఎముకలోకి దిగి అక్కడ చీము పోగుచేస్తాయి. నొప్పి తగ్గిందని వైద్యం మానేసేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు గానీ, దాన్ని విజయంగా ప్రకటించేది బాబాయి ఒక్కడే.

మేనకోడలి పెళ్ళికి సరిగ్గా రెండు రోజుల ముందు కుడి బుగ్గ పొంగింది. ఈసారి పిన్ని పెత్తనం తీసుకుంది. బెంజి సర్కిల్ దగ్గర నిజమైన ఎండోడాంటిస్ట్‌ని కనుక్కుని ఆటో ఎక్కించింది. ఆ వాపుతోనే బాబాయి ప్రశ్నలు మొదలెట్టాడు. మైక్రోస్కోపుందా? రబ్బరు డ్యామ్ వేస్తారా? పని మొదలెట్టేముందు వేరు పొడవు ఎలా కొలుస్తారు? అన్నీ అడగదగ్గ ప్రశ్నలే. డాక్టరు ముచ్చటపడి అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. పిన్ని ఫోను తీసి ఎక్స్‌రే చూపించింది. ఆయన దాన్ని పెద్దది చేసి చూసి నవ్వాడు.

"ఈ వంకర వేరు నేను చూశానండీ. సత్యనారాయణపురం డాక్టరమ్మగారు ఆ రోజే నాకు పంపారు. 'ఇది నేను చెయ్యను, మీరే చూడాలి' అని మంగళవారం సాయంత్రానికి మీ పేరు రాసిపెట్టారు. ప్రతి మంగళవారం నేను వచ్చేది ఆ క్లినిక్కే కదండీ. మీరే రాలేదు."

మన ఊళ్ళలో ఇది మామూలే. ఎండోడాంటిస్టులు చాలామంది తమ పరికరాల పెట్టె పట్టుకుని రోజుకో వీధి క్లినిక్కి తిరుగుతుంటారు. పిన్ని బాబాయి వైపు తిరిగి, "సంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారు. పైగా ఆటోల ఖర్చొకటి" అంది. బాబాయి వాచిన బుగ్గని అడ్డం పెట్టుకుని మాట్లాడలేనట్టు సైగ చేశాడు.

డాక్టరు ఆ రోజే పన్ను తెరిచి చీము వెళ్ళడానికి దారి చేశాడు. పెళ్ళి ఫోటోల్లో బాబాయి ఎడమ బుగ్గ మాత్రమే పడింది. మిగతా పని తర్వాతి మంగళవారం వీధి చివరే, తను కండువా దులిపిన కుర్చీలోనే. నోటికి రబ్బరు తెర కట్టేసరికి బాబాయి గంటసేపు ఎవరికీ ఏ సలహా ఇవ్వలేకపోయాడు. పిన్ని పక్క గదిలో కూర్చోమని చెప్పినా కదల్లేదు, ఆ గంటా అక్కడే కూర్చుని చూసింది. సన్నటి ఫైళ్ళతో కాలువలు తోమి, మందునీళ్ళతో కడిగి, ఆఖరికి గట్టాపెర్చాతో నింపారు. తెర తీశాక అదేమిటని బాబాయి అడిగితే డాక్టరు చెప్పాడు: చెట్టు పాల నుంచి వచ్చే జిగురు, 1851లో ఇంగ్లీషు ఛానల్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబులుకి తొడిగింది దీన్నే. కరెంటాఫీసు మనిషికి ప్రాణం లేచొచ్చింది. "ఇన్సులేషన్ అన్నమాట! వైరింగు తీసేసి ఇన్సులేషన్ పెట్టారు" అని వీధిలో అందరికీ నోరు తెరిచి చూపించాడు.

వారం తర్వాత డాక్టరమ్మ గుర్తుచేసింది. "పైన పెట్టింది తాత్కాలిక సిమెంటే అంకుల్. క్యాప్ వేసుకోకుండా అటువైపు నమిలితే పన్ను చీలిపోతుంది. కొలత తీసుకుందామా?"

బాబాయి ఈపాటికి తొమ్మిది శాఖలూ కంఠతా పట్టాడు. "క్యాప్‌లకి వేరే శాఖ ఉందటగా అమ్మా, ప్రోస్థోడాంటిక్స్!"

పిన్ని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఆటో ఎక్కేముందు, ఆ శాఖ డాక్టరు ఏ రోజు ఇక్కడికొస్తాడో ఈ అమ్మాయినే అడగండి."

డాక్టరమ్మ నవ్వింది. "గురువారం వస్తారు పిన్నిగారూ. అయితే ఇది మామూలు క్యాపే, ఇలాంటివి నేనే వేస్తుంటాను. ఆయన దాకా అవసరం లేదంకుల్."

'అయితే' తర్వాతది బాబాయి ఈసారి చివరిదాకా విన్నాడు. తలూపి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, గురువారానికి పేరు రాయించుకున్నాడు.