మాజీ పరుగువీరుడు

మన వైపు మాజీలకు కొదవ లేదు. మాజీ సర్పంచి, మాజీ ఎంపీటీసీ, మాజీ మార్కెట్ కమిటీ డైరెక్టరు. పదవి పోయినా పలకరింపులో నుంచి పోదు. పోకుండా చూసుకోవడమే ఆ తర్వాత వాళ్లకు మిగిలిన ఉద్యోగం. ఈ వరసలోకి ఈమధ్య కొత్తగా వచ్చి చేరినవాడు మాజీ పరుగువీరుడు. ఖమ్మం లకారం ట్యాంక్‌బండ్ దగ్గర ఒకడు, పాల్వంచలో ఒకడు, భద్రాచలం గోదావరి కరకట్ట దగ్గర ఒకడు తప్పకుండా దొరుకుతాడు. కాకపోతే వెతకాల్సిన వేళ పొద్దున అయిదున్నర కాదు, ఎనిమిది. వెతకాల్సిన చోటు కట్ట మీద కాదు, కట్ట దిగినాక వచ్చే టీ కొట్టు.

నేను చెప్పబోయేది భద్రాచలం రకం గురించి. మిగతా రెండింటికన్నా ఇది ముదురు.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. బూట్లు ఖరీదైనవి, అడుగున మట్టి ఉండదు. చేతి గడియారం గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతుంటుంది. టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నప్పుడు అది చూపించే అంకె మహా ఆరోగ్యంగా ఉంటుంది. ఏ మాట మొదలుపెట్టినా "నేను రన్నింగ్ చేసేటప్పుడు" అనే మొదలుపెడతాడు. వరి ధర గురించి మాట్లాడినా అంతే, కోడలి పురుడు గురించి మాట్లాడినా అంతే.

అసలు ఆయన పరుగు మొదలైంది అందరి పరుగూ మొదలైనట్టే. షుగరు గుమ్మం దాకా వచ్చింది, లోపలికి పిలవాలో వద్దో మీ ఇష్టం అన్నాడు డాక్టరు. హైదరాబాద్ నుంచి వచ్చిన బామ్మర్ది ఫోన్‌లో ఒక యాప్ ఎక్కించి పోయాడు. ఆ యాప్‌కు మూలం 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికా కుర్రాడు రాసిన పథకం. సోఫా వదలనివాళ్లను, అందులో మొదట వాళ్లమ్మను, అయిదు కిలోమీటర్లు పరిగెత్తించాలని అతని కోరిక. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదటి రోజు అయిదు నిమిషాలు చురుగ్గా నడిచాక అరవై సెకన్లు పరుగు, తొంభై సెకన్లు నడక, ఇట్లా ఇరవై నిమిషాలు. పసిపిల్లకు గోరుముద్దలు పెట్టినట్టు పెంచుకుంటూ పోయి, అయిదో వారం మూడో రోజున మాత్రం ఉన్నట్టుండి ఇరవై నిమిషాలు ఆగకుండా పరిగెత్తమంటుంది. ఈ పథకం పట్టినవాళ్లంతా భయపడే రోజు అది. మావాడు ఆ ముందురోజు సాయంత్రం రామాలయానికి పోయి అర్చన చేయించుకొచ్చాడు. ఏ కోరికతో అని పూజారి అడిగితే, పక్కన జనం ఉన్నారని, "పిల్లల చదువు" అన్నాడట.

తొమ్మిదో వారానికి అరగంట ఆగకుండా పరిగెత్తించింది. పేరుకు అయిదు కిలోమీటర్లు గానీ, కొత్తవాళ్లలో చాలామందికి అరగంటలో నాలుగు కూడా దాటవు. అందులో సిగ్గుపడేదేమీ లేదు, అరగంట ఆగకపోవడమే అసలు సంగతి. మావాడు మాత్రం "అయిదుకు అటూ ఇటూ" అంటాడు. ఇటే. అయినా పట్టుదల గలవాడు. ఒకరోజు చర్ల రోడ్డు పట్టుకుని అయిదూ పూర్తిచేసే దాకా ఇంటికి రాలేదు. భద్రాచలంలో ఇది చిన్న విషయం కాదు. 2014 విభజనలో చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రలోకి పోవడంతో, ఆ రోడ్డున కాస్త గట్టిగా పరిగెత్తితే ఎటపాక దగ్గర రాష్ట్రమే మారిపోతుంది. జటాయువు నేలకొరిగిందని చెప్పుకునే ఆ ఊళ్లో తాను ఒరగకుండా వెనక్కి తిరిగొచ్చి, "నా మొదటి అంతర్రాష్ట్ర పరుగు" అని స్టేటస్ పెట్టాడు. నూట పాతిక మంది చేతులు జోడించారు. ఎవరో పొరపాటున "ఆత్మకు శాంతి కలగాలి" అని కూడా రాశారు.

పదో వారం సోమవారం పొద్దున ఫోన్ ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ ఆయన్ని వెక్కిరించడం నాకే కష్టంగా ఉంది. తొమ్మిది వారాలుగా చెవిలో ఒక గొంతు పరిగెత్తు అంటే పరిగెత్తాడు, నడువు అంటే నడిచాడు, శభాష్ అంటే పొంగిపోయాడు. ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లయినా ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఇప్పుడా గొంతు అభినందనలు చెప్పి వెళ్లిపోయింది. కట్ట మీద నిలబడి ఫోన్ వైపు చూశాడు, గోదావరి వైపు చూశాడు. రెండూ ఏమీ అనలేదు. కిందికి దిగి టీ తాగాడు.

ఇక్కడికి 35 కిలోమీటర్ల దూరంలో పర్ణశాల ఉంది. రాముడు బంగారులేడి వెంట పడింది అక్కడి నుంచే అని ఈ ప్రాంతం నమ్మకం. ఎంత దూరం పరిగెత్తాడో ఎవరూ కొలవలేదు. లేడి కనిపిస్తున్నంతసేపూ కొలిచే పని ఎవరికీ ఉండదు మరి. ఈ తొమ్మిది వారాల పథకాలన్నీ అట్లాంటి లేళ్లే. పొద్దున్నే కట్ట మీద దుమ్ము లేపుకుంటూ పోయే కుర్రాళ్లకైనా లేడి లేకపోలేదు. కానిస్టేబుల్ కొలువుకు మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కావాలంటే మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. కొలువు దొరికాక వాళ్లలో ఎందరు బూట్లు విప్పేస్తారో మీ వీధిలోని కానిస్టేబుల్ గారి బెల్టు చూస్తే తెలుస్తుంది. లేడి చేతికి చిక్కినవాడికే అసలు చిక్కు.

మావాడు పరుగు మానేశానని ఏనాడూ అనలేదు. "ఈ వారం కాస్త గ్యాప్ ఇచ్చాను" అంటాడు. గ్యాప్‌కు ఆయన దగ్గర సంవత్సరం పొడవునా సరిపడా కారణాలున్నాయి. వేసవిలో ఎండ. అది అబద్ధం కాదు, కొత్తగూడెం, భద్రాచలం ఎండలు రాష్ట్రానికే పేరుమోసినవి. కానీ పొద్దున అయిదింటికి కూడా అదే ఎండ అంటాడు. ఎండ ముదరక ముందు ఇప్పపూల కాలం, ఆ పువ్వు కోసం ఎలుగుబంట్లు తిరుగుతాయట. తిరుగుతాయి, అడవిలో. ఈయన పరిగెత్తే కట్ట మీద రాత్రిపూట తిరిగేది ఆవులే. శ్రీరామనవమికి ఇల్లంతా చుట్టాలు. భద్రాచలంలో ఇల్లున్న పాపానికి మూడు తరాల బంధువులకూ కల్యాణం నాడు అక్కడే పడక. స్టేడియం ఉంది కదా, అక్కడ నాలుగు చుట్లు పరిగెత్తరాదా అన్నాడొక కొత్తగా బదిలీ అయి వచ్చిన ఉద్యోగి. పాపం, ఆయనకు తెలియదు. మా ఊళ్లో మిథిలా స్టేడియం ఉన్నది పరుగుపందేలకు కాదు, రాములవారి పెళ్లికి.

ఇక వానాకాలం వస్తే మావాడికి సాక్షాత్తూ గోదావరే సెలవుచీటీ రాసిస్తుంది. ఇక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు ఊళ్లో మంచాలు, బీరువాలు మోసుకుంటూ అందరూ పరిగెత్తారు, ఆ రోజుల్లో ఎవరినీ ఏమీ అనలేం. మావాడు మాత్రం 20 అడుగులకే మొదటి హెచ్చరిక ప్రకటించేస్తాడు. "నీళ్లు పెరుగుతున్నాయే" అంటాడు భార్యతో, దుప్పటి లోపలి నుంచి.

"నీళ్లు పెరగట్లేదండీ, మీ పొట్ట పెరుగుతోంది" అంటుంది ఆవిడ, దుప్పటి అవతలి నుంచి.

ఆయన కాళ్లు ఆగిన రోజు నుంచీ నోరు పరుగందుకుంది. పరుగు ఎంత తగ్గితే సలహా అంత పెరిగింది. మడమ ముందు ఆనాలా, మునివేళ్లు ముందు ఆనాలా అన్నదాని మీద గంటన్నర చెప్పగలడు. రాగిజావ ఎప్పుడు తాగాలో, అరటిపండు ఎంత ముందు తినాలో కొలతలతో సహా చెబుతాడు. బీట్ ఆఫీసర్ పరీక్షకు తయారవుతున్న ఒక కోయ కుర్రాడు, గూడెం నుంచి కాలేజీకి రోజూ నడిచి పెరిగినవాడు, ఓపిగ్గా అంతా విని, "సార్, మీరు రేపు వస్తరా, చూపిస్తరా?" అన్నాడు. ఆ వారమంతా సారుకు మోకాలు నొప్పి.

మళ్లీ మొదలుపెట్టలేదని కాదు. నాలుగైదు సోమవారాలు మొదలుపెట్టాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే కూడబెట్టుకున్న దమ్ము తరగడం మొదలవుతుంది. ఒకటి రెండు నెలలు మానేసినవాడు మళ్లీ ఏ నాలుగో వారం పాఠం నుంచో ఎత్తుకోవాలి. పరిగెత్తుతూ పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పోవాలి. ఆ మాట చెబితే ఆయనకు కోపం. "పదో తరగతి పాసైనోణ్ని ఏడో తరగతిలో కూర్చోమంటవా?" అని, గడియారం చూసుకుంటూ తన పాత రికార్డును పడగొట్టడానికి బయల్దేరతాడు. పది నిమిషాల్లో రికార్డే ఆయన్ని పడగొడుతుంది. ప్రతి పొద్దున్నా పరీక్ష రాయాల్సి వస్తే బడికి ఎవడు పోతాడు?

కొత్త లేడి కోసం కూడా చూశాడు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పది కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చి డబ్బు కట్టాడు. కట్టిన నాటి నుంచి ఒక నెల నిజంగానే పరిగెత్తాడు, అంతవరకు ఆ మందు పనిచేసింది. సరిగ్గా ఆ ఆదివారానికే శ్రావణమాసపు పెళ్లొకటి పడింది. పెళ్లికి హైదరాబాదే పోయాడు. నంబరు చీటీ, టీషర్టు తెచ్చుకున్నాడు. చీటీకి అద్దం కట్టించి హాల్లో, వాళ్ల నాన్న ఫోటో పక్కన తగిలించాడు. దండ ఒక్కటే తక్కువ.

ఇట్లా ఉండగా ఆయనకు బాబాయి తగిలాడు. బాబాయి అంటే చుట్టం కాదు. కొత్తగూడెం సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి దిగిపోయి, భద్రాచలంలో స్థిరపడ్డ పెద్దాయన. రబ్బరు చెప్పులు కాకుండా క్యాన్వాస్ బూట్లు వేసుకోవడమే ఆయన చేసే ఆర్భాటమంతా. కట్ట మీద ఆయన పరుగు ఎట్లా ఉంటుందంటే, నడిచేవాళ్లు దాటిపోతూ నమస్కారం పెడతారు. కానీ రోజూ ఉంటుంది.

"బాబాయ్, ఎంతకి కొడుతున్నావ్?" అని అడిగాడు మావాడు. కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అని ఆయన ఉద్దేశం.

"అయిదున్నరకి" అన్నాడు బాబాయి.

మావాడు అదిరిపోయాడు. అది తాను కలలో కూడా అందుకోని వేగం. బాబాయి చెప్పింది తెల్లవారుజామున ఇల్లు కదిలే టైము అని తెలుసుకోవడానికి కాసేపు పట్టింది.

"రోజూ ఎందుకు పరిగెత్తుతావ్ బాబాయ్? టార్గెట్ ఏంది?"

"టార్గెట్ మేనేజరుకుంటది సారూ, మనకెందుకు? మనకు మస్టర్ పడాలె."

సింగరేణి మనుషులకు ఈ మాట ప్రాణం. బాబాయి పనిచేసిన రోజుల్లో గనిలోపల పనిచేసేవాడికి ఏడాదిలో 190 మస్టర్లు, పైన పనిచేసేవాడికి 240 నిండితేనే జీతంతో సెలవుకు అర్హత ఉండేది. ఎంత బొగ్గు తవ్వావన్నది తర్వాతి లెక్క, ముందు దిగావా లేదా అన్నది మస్టరు. బాబాయి దిగిపోయాక కూడా ఆ అలవాటు దిగిపోలేదు. ఇంట్లో క్యాలెండర్ మీద పెన్సిలుతో గీత పెట్టుకుంటాడు. ఆయనా, ఇంకో ఇద్దరు రిటైర్డు కార్మికులూ కలిసి వస్తారు. ఒకడు రాకపోతే మిగతా ఇద్దరూ వాడి ఇంటికి పోయి, బయట నిలబడి, ఊరంతా వినపడేలా "ఆబ్సెంటా?" అని అరుస్తారు. ఏ యాప్ అయినా ఇంతకన్నా ఏం చేస్తుంది?

నెమ్మదిగా పరిగెత్తినా మస్టర్ పడుతుందా అని మావాడు అడిగాడు. పడుతుంది. మధ్యలో నడిస్తే? పడుతుంది. రికార్డు రాకపోతే? ఎవడిక్కావాలి అన్నాడు బాబాయి. "వచ్చి కట్ట ఎక్కితే మస్టర్. టీ కొట్టుకాడ కూసుంటే పడదు."

చివరి మాట అవసరం లేదనిపించింది మావాడికి. అయినా మర్నాడు వచ్చాడు. ఆ పైరోజు రాలేదు. ఆరింటికల్లా గుమ్మం ముందు "ఆబ్సెంటా?" అన్న కేక వినపడి, పక్కింటి వాళ్ల లైట్లు కూడా వెలిగాయి. భార్యే తలుపు తీసి, "తీసుకుపోండి అన్నయ్యా" అని అప్పగించింది. అప్పటి నుంచి వస్తున్నాడు. కాస్త పరుగు, కాస్త నడక, ఎక్కువ మాటలు. గడియారం మాత్రం వదల్లేదు. ఎనిమిదింటికి టీ కొట్టు సభ కూడా వదల్లేదు.

మొన్న ఆదివారం బాబాయి గీతలు గీస్తుంటే భుజం మీదుగా తొంగిచూశాడు. సింగరేణిలో ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారని, దానికి రెట్టింపు కూలీ అని ఎవరి దగ్గరో విని వచ్చినట్టున్నాడు.

"బాబాయ్, ఇయ్యాల ప్లే డే గదా. నాకు రెండు గీతలు పెట్టు, రేపు నేను రాను."