ఇసుకపూల పద్యం: టీకా తాత్పర్య విశేషాలు

అవతారిక. విశాఖపట్నంలో ఒకానొక గృహస్థు, రెండో శనివారానికి ముందటి రాత్రి, కుటుంబ వాట్సాప్ గ్రూపులో వదిలిన ఆటవెలది ఇది. దీనికి వచ్చిన ప్రత్యుత్తరాలన్నీ బొటనవేళ్ళే కావడం వల్ల అర్థం ఎవరికీ బోధపడలేదని తేలింది. కనుక ఈ వ్యాఖ్య.

సెలవు రెండు నాళ్ళు చిక్కెను; భీమిలి
బీచి రోడ్డు వెంట వెళ్ళి వత్త
మిసుకపూలు గూడ నెన్నియో గలవట;
రాత్రి కిల్లు చేరి రసమె చాలు.

టీక. సెలవు రెండు నాళ్ళు = శని, ఆదివారాలు; చిక్కెను = దొరికినవి. ఏకవచనం కవి అలసటకు గుర్తు, దిద్దరాదు. భీమిలి = గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటి భీమునిపట్నం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. బీచి రోడ్డు వెంట = కైలాసగిరి కింద నుంచి రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బల పక్కగా.

ఇక్కడ ఒక ఆక్షేపం. ఆనందపురం మీదుగా కూడా భీమిలి చేరవచ్చు గదా, ‘బీచి రోడ్డు’ అనడం వ్యర్థపదం కాదా? కాదు. భీమిలి కేవలం నెపం. అక్కడికి చేరాక ఈ కుటుంబం చేసేది మురీ మిక్చర్ పొట్లాలు కొనుక్కుని వెనక్కి తిరగడమే. కుడివైపు కిటికీ పొడుగునా సముద్రం ఉండడమే ప్రయాణ ప్రయోజనం. ఆ కిటికీ కోసం పిల్లలు చేసే యుద్ధాన్ని కవి ఔచిత్యం పాటించి వర్ణించలేదు.

ఇసుకపూలు. పద్యానికి ప్రాణం ఈ మాట. దీన్ని ‘ఇసుకలో పూలు’ అని విడదీసి ఊరుకుంటారు. ఇసుకను పట్టి ఉంచే పూలు అని నా పక్షం. అందుకు సాక్ష్యం తీరంలోనే ఉంది. అలలు తాకే మేరకు కాస్త పైన నేల మీద పాకే తీగను చూడండి. ఆకు మధ్యలో చీలి అచ్చం మేకగిట్టలా ఉంటుంది. దాని శాస్త్రనామంలోనూ మేక కాలే ఉంది. పువ్వు ఊదా కలిసిన గులాబి రంగు గరాటు. గొంతులోకి తొంగిచూస్తే లోపల రంగు ఇంకా చిక్కగా ఉంటుంది. తీగను కొంచెం ఎత్తితే కణుపు కణుపుకీ వేళ్ళు ఇసుకలోకి దిగి కనిపిస్తాయి. గాలికి ఎగిరిపోవలసిన ఇసుక ఆ వేళ్ళ దగ్గర ఆగి, మెల్లగా దిబ్బ కడుతుంది. గింజలు ఉప్పునీటి మీద తేలుతూ వేరే తీరాలకు పోయి మొలుస్తాయి. తూటికూర, చిలగడదుంప దీనికి దాయాదులు. వంటింటికి రాకుండా సముద్రానికి కాపలా కాస్తున్నది ఇదొక్కటే.

రావణాసురుడి మీసాలనే గడ్డినీ ఇందులోనే గ్రహించాలి. ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఆడమొక్క వెన్ను ముళ్ళబంతిలా విడిపోయి, గాలికి ఇసుక మీద దొర్లుతూ గింజలు జల్లుకుంటూ పోతుంది. పిల్లలు దాని వెంట పరిగెత్తుతారు, పెద్దలు ఫోను చూసుకుంటారు. ఇక పల్లేరు: లేతపసుపు అయిదు రేకుల పువ్వు. పువ్వు చూసినవారు తక్కువ, కాయ తొక్కినవారు ఎక్కువ. ఎర్రమట్టి దిబ్బల దగ్గర తంగేడు కూడా ఉందంటారా? కారు దిగినవారికి ఉంది.

‘అట’. ఈ రెండక్షరాల దగ్గర కవి దొరికిపోయాడు. చూసినవాడు ‘గలవు’ అంటాడు. ఈయనకున్నది శబ్దప్రమాణమే, ప్రత్యక్షం లేదు. ఎన్నోమార్లు ఆ దారిన పోయినవాడికి ఈ గతి ఎందుకు? ఆ గరాటు పూలు పొద్దున విచ్చి మధ్యాహ్నం దాటేసరికి వాడతాయి. ఈ ఇంట ఇడ్లీలు, రెండో వాయి, చార్జరు కోసం వెతుకులాట, ‘గ్యాసు కట్టేశామా’ అని లిఫ్టులోంచి వెనక్కి పోవడం, అన్నీ తెమిలేసరికి పదకొండు. పైగా అరవై స్పీడులో పోయే కారులోంచి తీగంతా ఒక పచ్చ గీత. కనుక ‘ఎన్నియో’ అనేది లెక్క తెలియనివాడి వినయంగా గ్రహించాలి. అలంకారం ఏదంటారా, స్వభావోక్తి. పువ్వుది కాదు, కవిది.

తాత్పర్యం. రెండు రోజుల సెలవు దొరికింది, భీమిలి దాకా వెళ్ళొద్దాం, దారిలో పూలుంటాయట, రాత్రికి ఇంట్లో రసం తాగి పడుకుందాం.

శంక: సెలవు రెండు నాళ్ళైతే మొదటి రాత్రికే ఇల్లు చేరడం ఎందుకు? సమాధానం: రెండో నాడు కారులో ఇసుక దులపడానికి, బట్టలు ఉతకడానికి.

విశేషం. ‘రసమె’ అన్నది యతి కోసమే. ఉత్తరాంధ్ర ఇళ్ళలో అది చారు. ‘చారె చాలు’ అని ఒక ప్రతిలో పాఠం ఉంది. రుచి కుదిరింది గాని యతి చెడింది. గృహిణి పంపిన మూడో పాఠం ‘రాత్రి కిల్లు చేరి హోటలే చాలు’. ఇందులో యతి లేదు, గణం లేదు, ఇల్లు చేరాక హోటలేమిటన్న అన్వయ దోషం కూడా ఉంది. పిల్లలిద్దరూ ఈ పాఠానికే ఓటు వేయడంతో కవి ఒప్పుకున్నాడు.