నేను తాపీని

ఉక్కు రేకు, దానికో చెక్క పిడి, ఇంతే నేను. బరువు తక్కువే. కానీ మాలు ఎత్తి గోడకు కొట్టిన ప్రతిసారీ ఆ భారమంతా మా మేస్త్రి మణికట్టు మీదుగా మోచేతికి చేరుతుంది. ఎత్తడం, కొట్టడం, రుద్దడం. పొద్దస్తమానం ఇదే పని.

నలభై దాటాక ఆయన పట్టు సడలడం నాకే ముందు తెలిసింది. మోచేతి బయటి వైపు బుడిపె దగ్గర నొప్పి. టీ గ్లాసు ఎత్తినా, తువ్వాలు పిండినా సలుపే.

డాక్టరు ఆ బుడిపెను నొక్కి చూశారు. చేతిని కిందికి అదుముతూ, మణికట్టు పైకి లేపమన్నారు. మేస్త్రి విలవిల్లాడాడు. ‘‘ఎముకకేం కాలేదు మేస్త్రీ. మణికట్టును లేపే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ దెబ్బతింది. దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు’’ అన్నారు. 2004లో సచిన్ టెండూల్కర్‌ను ఆటకు దూరం చేసిందీ ఇదే. అయితే ఇది వచ్చినవాళ్లలో ఎక్కువమంది రాకెట్టు పట్టనివాళ్లే. వడ్రంగులు, పెయింటర్లు, వంటవాళ్లు, మావాళ్లు.

మేస్త్రి ఇంజెక్షన్ అడిగాడు. స్టెరాయిడ్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుందనీ, ఏడాది తిరిగేసరికి అది వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉంటారనీ డాక్టరు వివరించారు. మోచేతికి కాస్త కింద పట్టీ కట్టించి, వ్యాయామం నేర్పారు. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా చిన్న నీళ్ల సీసా పట్టుకోవాలి. రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, తర్వాత దాన్ని మెల్లగా దించాలి. టెండన్ బలపడేది ఇలాగే, వారాల తరబడి, ఓపికతో.

నేనూ మారాను. మేస్త్రి నా పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేశాడు. ఇప్పుడు అంత గట్టిగా బిగించి పట్టుకోనక్కర్లేదు. మాలు కొద్దికొద్దిగా ఎత్తుతున్నాడు. చెయ్యి బారచాపకుండా గోడకు దగ్గరగా నిలబడుతున్నాడు.

చాలామందికి ఈ నొప్పి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కానీ చిటికెన వేలు తిమ్మిరెక్కితే అది నరం సంగతి. కిందపడ్డాక చెయ్యి చాపలేకపోయినా, మోచెయ్యి ఎర్రగా వాచి జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కూలి పోతుందని నొప్పిని దాచుకునే మేస్త్రీలను ఎందరినో చూశాను. ఇల్లు కట్టించుకునేవారికి నా మనవి: ఆ చెయ్యి కోలుకునేదాకా తేలిక పని ఇవ్వండి, కూలి తగ్గించకండి. మీ గోడ నున్నదనం ఆ మోచేతి కష్టమే.