గాడిద చాకిరీకి గంటల లెక్క

మా నాన్నగారికి గాడిదల పెంపకంలో 20 ఏళ్ల అనుభవం. మేం ముగ్గురన్నదమ్ములం. పెద్దన్నయ్య అడ్డగాడిద, చిన్నన్నయ్య దున్నపోతుకీ గాడిదకీ మధ్యరకం, నేను వట్టి గాడిద. ఆ వంశ గౌరవం నిలబెడదామని, రిటైరయ్యాక ఒక అసలు గాడిదను తెచ్చి పెంచుకుందామా అని ఇంట్లో కదిపాను.

"ఉన్నది చాలదా అండీ?" అంది మా ఆవిడ. ఆ మాట వస్తుందని తెలుసు. 35 ఏళ్ల కాపురం మరి.

నా వాదన నాకుంది. పక్క ఫ్లాట్‌వాళ్లు హస్కీని తెచ్చారు. సైబీరియా మంచులో బండి లాగాల్సిన కుక్క, బెజవాడ మే నెలలో ఏసీ ముందు నాలుక వేలాడేసుకుని పడుంటుంది. దాని కరెంటు బిల్లు మా పెన్షన్‌లో సగం. గాడిదలు ఆఫ్రికా అడవి గాడిద సంతతి. ఎండ వాటికి పుట్టిల్లు. ఇంత ఎండుగడ్డి పడేస్తే చాలు, మంచి దాణా పెడితేనే ఒళ్లొచ్చి కాళ్లు పాడవుతాయట. డాక్టరు నాకు చెప్పిందీ అదే.

కాస్త లోతుగా కనుక్కునేసరికి చిక్కులు మొదలయ్యాయి. గాడిద ఒంటరిగా ఉండలేదు. దిగులు పెట్టుకుంటుంది, తిండి మానేస్తుంది. కాబట్టి తెస్తే రెండు తేవాలి. ఆయుష్షు 30 ఏళ్లు. నాకిప్పుడు 61. అంటే వీలునామాలో ఫ్లాటు ఎవరికన్నది తర్వాత, ముందు గాడిదలు ఎవరికో రాయాలి. రెండు నెలలకోసారి గిట్టలు చెక్కించాలి. మా వీధిలో ఆడవాళ్ల పాదాలకు మూడు పార్లర్లున్నాయి, గిట్టలకు ఒక్కటీ లేదు. పైగా దాని బొచ్చు వానకు ఆగదు, తడిసిపోతుంది. పాక వెయ్యాలి. మూడో అంతస్తు బాల్కనీలో పాకంటే అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఏమంటారోనని అడిగాను.

"మాస్టారూ, బైలాస్‌లో గాడిదల ప్రస్తావన లేదండీ. అయితే పార్కింగ్ చార్జీ మాత్రం రెండిటికీ కట్టాలి" అన్నారు.

కింద వాచ్‌మన్ ఇంకోటి అడిగాడు. "పెంచుకోడానికా సార్, కోయడానికా?" మన కోస్తా జిల్లాల్లో ఆ మాంసం తింటే పరుగు వస్తుందనీ, ఇంకేవేవో వస్తాయనీ నమ్మేవాళ్లున్నారు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం గాడిద తినే జంతువుల జాబితాలోనే లేదు. అయినా ఆదివారం పొద్దున కొట్టు ముందు నిలబడ్డవాడికి జాబితాలు చదివే తీరికెక్కడిది? చైనావాళ్లది మరో దారి. తోలు ఉడికించి మందు చేస్తారు. ఆ గిరాకీ తట్టుకోలేక 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల సమాఖ్య తోలు కోసం గాడిదల్ని చంపడాన్నే నిషేధించాలని తీర్మానించింది. ఇక మనదేశంలో 2012లో 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణనకల్లా 1.2 లక్షలయ్యాయి. ఎక్కడ చూసినా గాడిదలే అని రోజూ విసుక్కునే దేశంలో ఇదీ లెక్క. లెక్క రాసేవాళ్లు ఆఫీసుల్లోకి వెళ్లలేదు కాబోలు.

పాల సంగతి ఎత్తకపోతే పై అంతస్తు బామ్మగారు నొచ్చుకుంటారు. "తెస్తే మా మునిమనవడికి ఓ ఉగ్గుగిన్నెడు పొయ్యి నాయనా" అన్నారావిడ. పిల్ల పక్కనుంటే తప్ప చేపదు, చేపినా ఇచ్చేది అంతంత మాత్రమే. కడివెడు ఖరము పాలు అని వేమన ఏ ధైర్యంతో అన్నాడో గానీ, ఇవాళ ఆ కడివెడు చేతిలో ఉన్నవాడు సబ్బుల కంపెనీ పెట్టేస్తాడు.

చివరికి చట్టం ఏమంటుందో చూద్దామని 1965 నాటి నిబంధనలు తీశాను. బండ్లు లాగే, బరువులు మోసే జంతువులపై క్రూరత్వాన్ని నివారించడానికి రాసినవి. గాడిద మీద 50 కిలోలకు మించి వెయ్యకూడదు. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. విరామం ఇవ్వకుండా ఏకబిగిన ఐదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటేచోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలు పని పెట్టకూడదు.

పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన మా వాడు ఒళ్లో లాప్‌టాప్‌తో, చెవిలో మీటింగుతో, ముందు చల్లారిన అరిసెలతో కూచున్నాడు. పైకి చదివి వినిపించాను. మ్యూట్ నొక్కి, "నాన్నా, మళ్లీ చదువు" అన్నాడు. మళ్లీ చదివాను. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంజినీరింగుకు పెట్టిన డబ్బు గుర్తొచ్చి నాకూ తిరిగాయి.

గాడిద బేరం అక్కడితో ఆగిపోయింది. మా వాడు ఆ గంటల లెక్క ఉన్న ఒక్క పేజీ ప్రింటు తీసుకెళ్లి ఆఫీసులో తన బల్లమీద అంటించుకున్నాడు. మేనేజరు వచ్చి, కళ్లజోడు సవరించుకుని, మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివాడట.

"బావుంది. ఇందులో శనాదివారాల గురించి ఏమీ లేదుగా?"