సబ్‌నెట్ శాసనం: సటీకం, సతాత్పర్యం

మూలం: “రిమోట్ టెర్మినల్ కలవనిచో సబ్‌నెట్ సరిచూసుకొనవలెను. వివరములకు నెట్‌వర్క్ నిర్వాహకుని సంప్రదించవలెను.”

అవతారిక: ఒకానొక కార్యాలయంలో సర్వర్ గది తలుపుకు అంటించిన శాసనమిది. రాసినవారు నెట్‌వర్క్ నిర్వాహకులే. తమను గూర్చి తాము ప్రథమపురుషలో చెప్పుకొనుట మహాకవి లక్షణం.

ప్రతిపదార్థం: సులభం గనుక వదిలేశాం.

టీక: ‘సబ్‌నెట్’ దగ్గర కొంత ఆగాలి. ఐపీ నాలుగో వెర్షన్ చిరునామాకు 32 బిట్లు, ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు. అనుష్టుప్ శ్లోకానికీ 32 అక్షరాలు, ఎనిమిదేసి చొప్పున నాలుగు పాదాలు. 1981లో ఆ ప్రమాణం రాసినవారు ఛందశ్శాస్త్రకారుడు పింగళుణ్ణి చదివారని మేమనం. చదవలేదని ఎవరైనా అంటే ఊరుకోం. ఒకటిని గురువనీ సున్నాను లఘువనీ అనుకోండి. ఎనిమిదక్షరాల ప్రస్తారంలో వృత్తాలు 256. ఒక్కో భాగంలో పట్టే అంకెలూ, 0 నుంచి 255 దాకా, 256. 255 అంటే ఎనిమిదీ గురువులే: మ, మ, గ, గ. సాక్షాత్తు విద్యున్మాల! మన ప్రస్తారంలో అది మొట్టమొదటి వృత్తం, యంత్రానికి కడపటి అంకె. గురువులను ముందు కూర్చోబెట్టాలని యంత్రానికి ఎవరు చెప్పారు గనక! సబ్‌నెట్ హద్దు గీసే మాస్క్ ఒక్కటే ఆ మర్యాద ఎరుగును: ముందు గురువులన్నీ, ఆపైన లఘువులన్నీ. లఘువు పడ్డాక మళ్లీ గురువు రాకూడదు. కాబట్టి 255.0.255.0 ఛందోభంగం. 255.255.255.0 మూడు విద్యున్మాలలూ ఒక సర్వలఘువూ గనుక విషమవృత్తమే అనాలా, లేక... అటుంచుదాం, టెర్మినల్ ఇంకా కలవలేదు.

ఉదాహరణ: ఒకే బల్ల, ఒకే స్విచ్చి, రెండు యంత్రాలు: 192.168.1.20, 192.168.1.200. మాస్కులో గురువులున్న చోట్లల్లా రెండు చిరునామాల అక్షరాలూ కలవాలి. మొదటి యంత్రంలో ఎవరో 255.255.255.128 అని కొట్టారు. దాంతో నాలుగో పాదం తొలి అక్షరం కూడా కలవాల్సి వచ్చింది. 20కి అక్కడ లఘువు, 200కి గురువు. పక్కనున్నది కాస్తా పరాయి నెట్‌వర్క్ అయిపోయింది. గేట్‌వే గడి ఖాళీ. ఇక పిలుపు గడప దాటదు.

పూర్వపక్షం: ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తేనో?

సిద్ధాంతం: కాదనడానికైనా అవతల ఒకరు పలకాలి కదా. సాధారణంగా అప్పుడు సబ్‌నెట్ జోలి అక్కర్లేదు. 22వ పోర్టులో ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తోందో లేదో చూడాలి. ‘టైమ్డ్ అవుట్’ అయితే దారి తప్పిందో, ఫైర్‌వాల్ మింగిందో. ఈ భేదం శాసనకర్తకు తెలియనిది కాదు. తెలిసీ అన్ని రోగాలకూ ఒకటే మాత్ర రాశారు.

తాత్పర్యం: “మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1.” తలుపు మీద రాయవలసింది ఇంతే. సరైన అంకెలు మీ సొరుగులో పెట్టి తాళం వేసుకుని, మమ్మల్ని సరిచూసుకోమంటే దేనితో సరిచూసుకోమండీ? సంప్రదిద్దామంటే సీట్లో ఉండరు!

ఫలశ్రుతి: ఈ శాసనాన్ని మూడు పూటలా పఠించినా టెర్మినల్ కలవదు. పై ఉదాహరణలో చివరి 128ని 0 చేస్తే, పఠించకపోయినా కలుస్తుంది.